కాలనీ వీధుల్లో స్కేట్‌బోర్డు: ఒక కొండవాలు లేఅవుట్ కేస్ స్టడీ

విశాఖలో మధురవాడ దాటాక కొండవాలున పరుచుకున్న లేఅవుట్ అది. సగం సొంత ఇళ్లు, సగం నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు. అక్కడి సంక్షేమ సంఘం కార్యవర్గం ఒక తీర్మానం రాసి పెట్టుకుంది: "కాలనీ రోడ్ల మీద స్కేట్‌బోర్డులు, స్కేటింగ్ బూట్లు వాడరాదు. వాడితే తల్లిదండ్రులకు వెయ్యి రూపాయల జరిమానా." సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెట్టేముందు నన్ను పిలిచారు. నేను ట్రాఫిక్ ఇంజనీరుని. కూడళ్ల డిజైన్, స్కూళ్ల ముందు రోడ్ల భద్రత నా రోజువారీ పని. కాలనీ పేరూ మనుషుల పేర్లూ ఇక్కడ రాయడం లేదు. మిగతాదంతా వివరంగానే రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి తీర్మానాలు ఇప్పుడు ఏ ఊరి కాలనీ గ్రూపులో చూసినా తిరుగుతున్నాయి.

నేను తేల్చింది ముందే చెప్పేస్తాను. ఆ కాలనీలో ఒక వీధిలో స్కేట్‌బోర్డును పూర్తిగా ఆపెయ్యాలి, ఎవరికీ ఏ మినహాయింపూ ఇవ్వకుండా. మిగతా వీధుల్లో అదుపు చెయ్యాల్సింది బళ్ల వేగాన్ని. పిల్లల్ని కాదు.

ఏం జరిగింది

దసరా సెలవుల్లో ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడు మూడో వీధి వాలు మీంచి బోర్డు మీద దిగుతూ, కింద అడ్డరోడ్డులో వెళ్తున్న మంచినీళ్ల టిన్నుల ఆటోకి కొట్టుకున్నాడు. మణికట్టు విరిగింది, గడ్డం చీరి కుట్లు పడ్డాయి. హెల్మెట్ లేదు. తలకి దెబ్బ తగలకపోవడం అదృష్టం తప్ప ఇంకేమీ కాదు. సాయంత్రానికి కాలనీ రెండు పక్షాలైంది. ఆటోవాళ్లు కాలనీలో అడ్డదిడ్డంగా తోలతారని ఒకరు, పిల్లల్ని రోడ్డు మీద వదిలేసే తల్లిదండ్రులదే తప్పని ఇంకొకరు.

నేను ఆటో డ్రైవర్‌ని కలిశాను. "ఫస్ట్ గేర్లోనే ఉన్నాను బాబూ. ఎనకాల నిండా నీళ్ల టిన్నులు. ఇంకేటి స్పీడెల్తాను?" అన్నాడు. అతని మాట నమ్మడానికి ఆటోనే సాక్ష్యం. సొట్ట ముందు లేదు, ఎడమ పక్క రేకు మీద ఉంది. అంటే పిల్లాడు వచ్చేటప్పటికే ఆటో సగం దాటేసింది. అతను చూసి బ్రేకు వేసే వీలు లేదు, పిల్లాడికి చూసి ఆగే వీలు లేదు. ఇలాంటి చోట తప్పెవరిదని వెతికితే పరిష్కారం దొరకదు. ఆ మూలని చూడాలి.

మూడో వీధి మూల

మూడో వీధి పొడవు 120 మీటర్లు. పై చివరకీ కింది చివరకీ ఎత్తులో తేడా 8 మీటర్లు. అంటే ప్రతి పదిహేను అడుగులకీ ఒక అడుగు దిగుడు. మనిషి నడిచి ఎక్కితే కాస్త ఆయాసం వస్తుంది, అంతే. బోర్డు ఎక్కినవాడికి లెక్క వేరు. రాపిడీ గాలీ లేవనుకుంటే 8 మీటర్ల ఎత్తు నుంచి జారిన వస్తువు కిందికి వచ్చేసరికి గంటకు 45 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. ఇది బరువుతో సంబంధం లేని లెక్క. చక్రాల రాపిడి, ఎదురుగాలి కలిపి వేసుకున్నా ఆ వయసు పిల్లాడు కింది మూలకి దాదాపు 30 వేగంతో చేరతాడు. అదే వీధిలో సైకిల్ కూడా అంతే వేగంగా దిగగలదు కానీ దానికి రెండు బ్రేకులున్నాయి.

స్కేట్‌బోర్డుకి బ్రేకు లేదు. ఎలా ఆగుతారో చూపించమని పిల్లల్ని అడిగాను. ఏడో తరగతి కుర్రాడొకడు ముందుకొచ్చాడు. ఎడమ కాలు బోర్డు మీదుంచి, కుడి కాలు దించి నేలకి రాస్తూ, "ఇట్లా రాస్తే ఆగుతాది అంకుల్" అన్నాడు. చదును మీద నిజంగానే బాగా ఆగాడు. "నీ బూటు చూపించు నాన్నా" అన్నాను. కుడి బూటు అడుగు ముందు భాగంలో లోపలి గుడ్డ కనిపించేదాకా అరిగిపోయింది, ఎడమది కొత్తదానిలా ఉంది. ఆ అడుగులో వాడి బ్రేకంతా కనబడింది నాకు. 30 వేగం మీద ఆ కాలుతో ఆగాలంటే, ప్రమాదం చూసిన క్షణం నుంచి లెక్కపెడితే 25 మీటర్లకు తక్కువ పట్టదు. అదీ వణకకుండా, తూలకుండా కాలు దించగలిగితే. ఆ వేగంలో చాలామందికి అది చేతకాదు.

ఇప్పుడు ఆ మూల. కుడి పక్క ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, దాన్ని ఆనుకుని గన్నేరు పొదలు, పొదల ముందు ఎప్పుడూ ఆగి ఉండే ఒక కారు. వాలు దిగేవాడికి అడ్డరోడ్డు మీద వచ్చే బండి కనిపించేది 12 మీటర్ల దూరంలోకి వచ్చాకే. 25 కావాలి, 12 ఉంది. దీని తర్వాత నాకు వేరే లెక్క అక్కర్లేకపోయింది.

ఇంకొకటి ఉంది. వాన పడ్డప్పుడల్లా పై ప్లాట్లలోంచి ఎర్ర గ్రావెల్ కొట్టుకొచ్చి వాలు అడుగున మేట వేస్తుంది. పిల్లలు కాలు దించి ఆగాలనుకునేది సరిగ్గా అక్కడే. మామూలు స్కేట్‌బోర్డు చక్రం అడ్డకొలత 50 మిల్లీమీటర్ల పైచిలుకు, చాలా గట్టిది. బఠాణీ గింజంత రాయి దాని కింద పడితే చక్రం టక్కున నిలిచిపోతుంది, మనిషి మాత్రం ముందుకి ఎగిరిపోతాడు. పడేవాడు అప్రయత్నంగా చెయ్యి ముందుకి చాస్తాడు. ఈ ఆటలో మణికట్లు ఎక్కువగా విరిగేది అందుకే.

కొండవాలు ఊళ్లలో ఈ సమస్య కొత్తది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో డొలొరెస్ పార్కు పక్క వాలులో ఏటా వందలమంది కుర్రాళ్లు గుంపుగా చేరి బోర్డుల మీద దిగేవాళ్లు. 2020లో అధికారులు ఆ వీధిలో నేల మీద బొడిపెలు బిగించారు. జాతర ఆగలేదు. 2023 జులైలో పోలీసులు చుట్టుముట్టి 113 మందిని పట్టుకుంటే వాళ్లలో 81 మంది మైనర్లు. తమ పిల్లల్ని రాత్రి పొద్దుపోయేదాకా నిలబెట్టారని తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. అదే ఏడాది నవంబరులో ఆ నగరమే ఊరి నడిబొడ్డున యునైటెడ్ నేషన్స్ ప్లాజాలో స్కేటింగ్‌కి చోటు కట్టించింది. ఆ వరస చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. చివర చేసిన పని ముందే చేసి ఉంటే ఎంతమంది పిల్లలు ఆ రాత్రి ఇంట్లో ఉండేవాళ్లో.

చదును వీధులు

రెండో వీధి, అయిదో వీధి కొండకి అడ్డంగా సాగుతాయి కాబట్టి దాదాపు సమతలం. అక్కడ పిల్లలు బోర్డు మీద వెళ్లేది మహా అయితే గంటకు 10, 12 కిలోమీటర్ల వేగంతో. అది పరుగు వేగం. ఏదైనా అడ్డం వస్తే బోర్డు వదిలేసి దూకి నాలుగడుగులు పరిగెత్తి ఆగిపోగలరు. అక్కడ స్కేట్‌బోర్డు వల్ల ఇంకొకరికి పెద్ద గాయం కావడం అరుదు. ప్రమాదం వచ్చేదల్లా బళ్ల నుంచి.

అందుకని సాయంత్రాలు అయిదో వీధిలో స్పీడ్ గన్ పట్టుకుని నిలబడ్డాం. కార్యవర్గం అనుమానం డెలివరీ కుర్రాళ్ల మీద. తేలింది వేరు. డెలివరీ వాళ్లు ఇంటి నంబరు వెతుక్కుంటూ నెమ్మదిగానే వస్తున్నారు. 40 దాటినవాటిలో ఎక్కువ భాగం ఆ కాలనీ స్టిక్కరు అంటించుకున్న బళ్లే, ఆఫీసు నుంచి ఇంటికి చేరే తొందరలో ఉన్నవే. సమావేశంలో ఈ విషయం చెప్పినప్పుడు గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

నడిచేవాళ్లు, సైకిళ్లు, పిల్లలు బళ్లతో కలిసి తిరిగే చోట వేగం 30 దాటనివ్వకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో దేశాల మంత్రులు కలిసి చేసిన ప్రకటనలో ఉంది. దానికి వెనకున్న కారణం సూటిగా ఉంటుంది. 30 దగ్గర బండి తగిలిన మనిషి బతికే అవకాశం ఎక్కువ, 50 దగ్గర ఆ అవకాశం బాగా పడిపోతుంది. ఆ లెక్క స్కేట్‌బోర్డు మీదున్న పిల్లాడికీ ఒకటే, పాల ప్యాకెట్టు కోసం వచ్చిన మామ్మగారికీ ఒకటే. స్కేటింగ్ నిషేధిస్తే పిల్లాడు లోపలికి వెళ్తాడేమో, మామ్మగారు ఆ 40 దాటిన బండి ముందే నడవాలి కదా.

కార్యవర్గం అప్పటికే రబ్బరు పట్టీల స్పీడ్ బ్రేకర్లకి ఆర్డరివ్వబోతోంది. వాటిని వద్దన్నాను. ఆ సన్నటి ఎత్తు పట్టీ చిన్న చక్రం వాడిని నిలువునా పడేస్తుంది, రాత్రి స్కూటరు మీద గర్భిణిని కూర్చోబెట్టుకు వచ్చేవాడికీ నరకమే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇలాంటి వాటికోసం రాసిన ఐఆర్‌సీ 99 అనే మార్గదర్శకంలో కొలతలు వేరే ఉన్నాయి. 3.7 మీటర్ల వెడల్పు, నడిమధ్య 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా వంపు తిరిగిన హంప్. 25 వేగంతో వచ్చే బండి దాని మీద హాయిగా దాటుతుంది, 40తో వస్తే లోపలున్నవాళ్లు ఎగిరిపడతారు. స్కేట్‌బోర్డు దాని మీద సాఫీగా ఎక్కి దిగుతుంది. పిల్లలకి అది సరదా కూడా.

శబ్దం

ఫిర్యాదుల్లో నేను ఎక్కువ బరువు ఇచ్చింది దీనికే, ఎందుకంటే ప్రమాదం గురించి మాట్లాడేవాళ్లలో సగం మందికి అసలు బాధ శబ్దం. అయిదో వీధిలో ఒక నర్సమ్మ ఉంటారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకోవాలి. "బోర్డు పోతే పోనీండి మాస్టారూ, ఆ ఎగిరెగిరి కొట్టేది ఉంది చూశారూ, అది గుండెల మీద కొట్టినట్టుంటాది" అన్నారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. సిమెంటు రోడ్డు పలకల అతుకుల మీద చక్రాలు చేసే టకటక ఒక ఎత్తు. గెంతు నేర్చుకునేటప్పుడు బోర్డు తోక నేలకి కొట్టి, ఎగరేసి, మళ్లీ పడెయ్యడం ఇంకొక ఎత్తు. ఒక్కో పిల్లాడు దాన్ని గంటసేపు అదే పనిగా చేస్తాడు, ఎందుకంటే అది వచ్చేదాకా అలా చెయ్యాల్సిందే.

గెంతుల సాధన ఇళ్ల గోడల పక్కన వద్దని నేను ఒప్పుకున్నాను. వీధిలో వెళ్లిరావడం వరకే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా, రాత్రి ఎనిమిది తర్వాత అదీ వద్దు. గట్టిదనం అంకె 99 దగ్గరుండే చక్రాల బదులు 78 దగ్గరుండే మెత్తటివి వేయించుకుంటే టకటక చాలా తగ్గుతుంది, చిన్న రాళ్ల మీద తూలిపడటమూ తగ్గుతుంది. ఒక బోర్డుకి మార్పించి ఆవిడ ఇంటి ముందే అటూ ఇటూ తిప్పించాం. ఆవిడ కిటికీ వేసుకుని విని, ఇదైతే ఫర్వాలేదన్నారు.

చట్టం ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం 1988 కింద స్కేట్‌బోర్డు మోటారు వాహనం కాదు. దానికి లైసెన్సూ లేదు, వయసు పరిమితీ లేదు. 2019 సవరణలో 138వ సెక్షన్‌కి చేర్చిన 1ఏ ఉపసెక్షన్, యంత్రం లేని బళ్లనీ పాదచారులనీ బహిరంగ స్థలాల్లో క్రమబద్ధం చేసే నియమాలు రాసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కాలనీ సంఘానికి ఇవ్వలేదు. లేఅవుట్ అనుమతి పొందాక లోపలి రోడ్లు స్థానిక సంస్థవి, అంటే ప్రజలవి. ఆ రోడ్డు మీద ఒక పిల్లాడి తండ్రికి వెయ్యి రూపాయలు జరిమానా వేసే హక్కు సంఘానికి లేదని కార్యదర్శిగారికి చెప్పాను. ఆయన బ్యాంకులో మేనేజరుగా రిటైరైన మనిషి, కాగితం విలువ తెలిసినవారు, వెంటనే అర్థం చేసుకున్నారు. కానీ అడిగారు: "మాస్టారూ, మీరు పిల్లల పక్షమా, మా పక్షమా?"

ఆ జరిమానా ఎవరి మీద పడుతుందో చూడమన్నాను. ఆ కాలనీలో అందరికన్నా బాగా స్కేటింగ్ చేసేది ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొడుకు. వాడికి సొంత బోర్డు లేదు, స్నేహితులది వంతులవారీగా తీసుకుంటాడు. డ్యూప్లెక్సు ఇంటాయనకి వెయ్యి రూపాయలు లెక్కలోది కాదు. ఆ వాచ్‌మన్‌కి అది వారం కూరగాయలు, పాలు. ఒకే ఆట ఆడిన ఇద్దరు పిల్లల్లో ఒకడి ఇంట్లో మాత్రమే ఆ రాత్రి గొడవ జరిగే నియమాన్ని నేను సమర్థించలేను.

కాలిఫోర్నియాలో ఈ అధికారం స్థానిక సంస్థలకి స్పష్టంగా ఉంది. అక్కడి వాహన చట్టం 21967వ సెక్షన్ ప్రకారం నగరాలు తమ రోడ్ల మీద, కాలిబాటల మీద స్కేట్‌బోర్డును నిషేధించవచ్చు, పరిమితం చెయ్యవచ్చు. 18 ఏళ్ల లోపువాళ్లకి హెల్మెట్ రాష్ట్రమంతటా తప్పనిసరి. బే ఏరియాలో ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లకి ఆ సొసైటీ నోటీసులు బాగా పరిచయం. ఇంకో వైపు ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరం 2000 సంవత్సరం చివర్లో స్కేటింగ్‌ని సైకిలు లాగే చూసింది. వీధుల్లో స్కేటింగ్‌కి అనుమతి, సైకిల్‌వాళ్ల బాధ్యతలే వీళ్లకీ, డౌన్‌టౌన్ కాలిబాటల మీద మాత్రం వద్దు, స్కేటింగ్‌కి అనువైన దారులు ఇవీ అని సూచిక పలకలు. ఎక్కడ కూడదో చెప్పిన నగరం ఎక్కడ వెళ్లాలో కూడా చెప్పింది. ఆ రెండో సగం మన తీర్మానాల్లో ఎప్పుడూ ఉండదు.

మొత్తానికి నిషేధిస్తే ఏమవుతుందో నార్వే చూపించింది. 1978 నుంచి 1989 దాకా అక్కడ స్కేట్‌బోర్డు అమ్మడం, వాడటం నేరం. కుర్రాళ్లు అడవుల్లో చాటుగా చెక్క ర్యాంపులు కట్టుకుని ఆడారు. పెద్దవాళ్ల కంట పడకుండా, దెబ్బ తగిలితే పిలిస్తే పలికేవాళ్లు లేని చోట. కొండ పక్కన ఉన్న మన కాలనీలో పిల్లలు వెళ్లిపోయే చోటు ఏదో నాకు తెలుసు. హైవే సర్వీసు రోడ్డు.

ఎక్కడ ఆడుకోవాలి

అమెరికాలో పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా కఠినంగానే ఉంటుంది. అయిదేళ్ల లోపు పిల్లలు స్కేట్‌బోర్డు ఎక్కకూడదు, పదేళ్ల లోపువాళ్లు పెద్దల కంటిముందే ఎక్కాలి, బళ్లు తిరిగే చోట ఎవరూ వద్దు. అదే పత్రంలో ఊళ్లు పిల్లల కోసం సురక్షితమైన స్కేటింగ్ స్థలాలు ఏర్పాటు చెయ్యాలనీ రాశారు. నిషేధం కోరేవాళ్లు మొదటి భాగం మాత్రం చదువుతారు.

విశాఖలో శివాజీ పార్కులో, వుడా పార్కులో స్కేటింగ్ రింకులున్నాయి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తే పిల్లలు బూట్లు కట్టుకుని సముద్రం పక్కన బారులు తీరతారు. ఒక పెద్ద నగరం తన అతి ముఖ్యమైన రోడ్డునే రోజూ కొంతసేపు నడిచేవాళ్లకీ పిల్లలకీ వదిలేస్తోంది. కానీ మధురవాడ నుంచి రోజూ బీచ్ రోడ్డుకి తీసుకెళ్లే తీరిక ఏ తల్లికి ఉంటుంది?

కాలనీలోనే చూశాం. లేఅవుట్ నియమాల ప్రకారం పది శాతం ఖాళీ స్థలం వదిలి ఉంది. దానికి ప్రహరీ, వాకింగ్ ట్రాక్, తాళం, "పిల్లలు ఆడరాదు" అని పసుపు పలక. ఒక మూల వినాయక చవితి పందిరి వేసే సిమెంటు చప్టా ఉంది, నున్నగా, సమంగా. ఏడాదిలో పది పదిహేను రోజులు తప్ప దాని మీద ఎవరూ అడుగుపెట్టరు. సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా దాన్ని పిల్లలకి తెరవమన్నాను. గెంతులన్నీ అక్కడే. నడకకి వచ్చే పెద్దవాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లకి వెనకనుంచి చక్రాల చప్పుడు వినిపిస్తే కలిగే భయం తీసిపారేసేది కాదు. ట్రాకుకీ చప్టాకీ మధ్య నడుమెత్తు రెయిలింగు వేశాక ఒప్పుకున్నారు.

ఆ చప్టా తెరిచాక ఒక మార్పు కనిపించింది. వీధిలో ఉన్నన్నాళ్లూ ఆడపిల్లలు ఒకరిద్దరే వచ్చేవాళ్లు. చప్టా మీదికి చాలామంది వస్తున్నారు. బెంచీల మీంచి తల్లులకి కనబడుతుంది, బళ్ల భయం లేదు. ఒక అమ్మ అన్నారు: "రోడ్డు మీదైతే పంపనండీ, ఇక్కడైతే నేనే తీసుకొస్తున్నాను."

ఆమోదించిన తీర్మానం

సర్వసభ్య సమావేశంలో పాత తీర్మానం బదులు ఇది పెట్టారు, గెలిచింది. మూడో వీధిలో స్కేట్‌బోర్డు, స్కేటింగ్ బూట్లు, పిల్లల స్కూటర్లు పూర్తిగా వద్దు. కింది మూలలో గన్నేరు పొదలు నడుము కిందికి కత్తిరించాలి, కారు అక్కడ ఆపకూడదు, వాన తర్వాత గ్రావెల్ ఊడ్పించాలి. రెండు, అయిదు వీధుల్లో నిర్ణీత వేళల్లో స్కేటింగ్‌కి అభ్యంతరం లేదు. హెల్మెట్ లేనివాడు దిగాలి, పదేళ్ల లోపువాళ్లతో పెద్దలుండాలి. జరిమానా లేదు, నియమం తప్పినవాడి బోర్డు వారం సంఘం ఆఫీసులో ఉంటుందని తల్లిదండ్రులే రాసి ఇచ్చారు. హంపుల కోసం కార్పొరేషన్‌కి దరఖాస్తు వెళ్లింది.

ఈ అయిదారు నెలల్లో మూడో వీధి నిషేధం నిలబడింది. పిల్లలే ఒకరినొకరు ఆపుతున్నారు, ఎందుకంటే 25 మీటర్లు, 12 మీటర్లు ఏమిటో సుద్దముక్కతో రోడ్డు మీద గీసి వాళ్లకి చూపించాం. పొదలు కత్తిరించారు. కారు మాత్రం నెలకోసారి మళ్లీ అక్కడే కనిపిస్తుంది. కార్యదర్శిగారు ప్రతిసారీ ఆ ఇంటి తలుపు కొడతారు. హంపులు ఇంకా రాలేదు, అయిదో వీధిలో వేగం అనుకున్నంత తగ్గలేదు. స్కేటింగ్ వేళల్లో వీధి చివర్న పూలకుండీలు అడ్డం పెట్టి దారి ఇరుకు చేశారు. అది కొంత పని చేస్తోంది.

కొత్తగా ఒక ఇంట్లో మోటారున్న బోర్డు కొన్నారు. దీన్ని పై నియమాల్లో కలపొద్దని రాసిచ్చాను. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం 250 వాట్లకి తక్కువ శక్తి, గంటకు 25 కిలోమీటర్లకి తక్కువ వేగం ఉండి, పరీక్ష సంస్థ ధ్రువీకరించిన బ్యాటరీ బండికే మోటారు వాహనం కాదనే మినహాయింపు ఉంది. ఆ బోర్డు పెట్టె మీద ఉన్న అంకెలు ఈ రెండింటినీ దాటాయి. అది మూడో వీధిని ఎక్కగలదు కూడా. కాబట్టి కాలనీ రోడ్లన్నిటిమీదా దానికి అనుమతి లేదని వచ్చే సమావేశంలో విడిగా తీర్మానం పెడుతున్నారు. నేను దానికి పూర్తిగా సమ్మతి.